శిశువుల తొలి బడికి గ్రామ వడ్రంగి తోడ్పాటు

పంచాయతీ సభ్యులు తమ గ్రామమందలి అంగన్‌వాడీ కేంద్రమునకు ఒకమారు పోయి పరికింపవలెను. పెద్దల కొలతకు చేసిన బల్లపై మూడేండ్ల శిశువును కూర్చుండబెట్టినచో కాళ్లు నేలకు అందక వ్రేలాడుచుండును. కొలది సేపటిలో నడుము నొచ్చి శిశువు అటునిటు కదలును. అల్లరి చేయుచున్నాడని మనమందుము. తప్పు శిశువుది కాదు, బల్లది. అట్లే అలమార పైఅరలో దాచిన బొమ్మలు ఉండియు లేనట్లే. పసివారి బడికి తగిన సామగ్రి ఎట్లుండవలెను, దానిని మన ప్రాంతమందే ఎట్లు చేయించుకొనవచ్చును అను విషయములు తెలిసికొనదగినవి.

చేతితో నేర్చు చదువు

పసివారు వినుటకంటె ముట్టి, ఎత్తి, పేర్చి ఎక్కువ నేర్తురు. ఇటలీ దేశపు వైద్యురాలు మరియా మాంటిస్సోరి 1907లో రోము నగరమందు పేద కుటుంబముల బిడ్డలకై ‘బాలల గృహము’ను తెరచి, శిశువులు తామే మోసికొనగల చిన్న కుర్చీలను, బల్లలను చేయించిరి. వారు 1939లో మద్రాసులోని అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చిరి. నేటి మహారాష్ట్రమందలి బోర్డీ గ్రామమున తారాబాయి మోడక్ 1945లో శిశువిద్యా కేంద్రమును నెలకొల్పి, ఖరీదైన పరికరములకు బదులు ఊరిలో దొరకు వస్తువులతోనే బోధన సాగించిరి.

ఈ సామగ్రి పనిచేయు విధమునకు ఒక ఉదాహరణము చూతము. ఒక కొయ్యదిమ్మెలో పది గుంటలును, వాటికి సరిపోవు పది గుండ్రని ముక్కలును ఉండును. శిశువు ఒకదానిని తప్పు గుంటలో ఉంచినచో చివరకు ఒక ముక్క ఇమడక మిగులును. తప్పును పంతులమ్మ చెప్పనక్కరలేదు, కొయ్యయే చెప్పును. అట్లే 1 సెంటీమీటరు మొదలు 10 సెంటీమీటర్ల వరకు భుజము గల పది ఘనములను గోపురముగా పేర్తురు. వానిలో పెద్దది చిన్నదానికి వేయి రెట్లు. అంకెలు రాకముందే ఈ భేదమును శిశువు చేయి గ్రహించును.

కాని గుంటలు వదులైనచో తప్పు ముక్కలును ఇమిడిపోవును. శిశువునకు తన పొరపాటు తెలియదు. కావున వడ్రంగి కొలత తప్పినచో పాఠమే తప్పును. ఆ బడికి వడ్రంగియు ఒక ఉపాధ్యాయుడే.

మన శిల్పులు

ఇట్టి పనితనము తెలుగునాట కొత్తది కాదు. నిర్మల శిల్పులు తేలికయగు పొణికి కొయ్యతో బొమ్మలు చేయుదురు. వరాహానది ఒడ్డున గల ఏటికొప్పాకలో అంకుడు కొయ్యను తరిణెపట్టి, ప్రకృతి సిద్ధమగు రంగులు కలిపిన లక్కతో నునుపు చేయుదురు. పూర్వపు వరంగల్లు జిల్లాకు చెందిన చేర్యాలలో నకాషీ కళాకారులు రంపపు పొట్టు, చింతగింజల జిగురుతో కథలు చెప్పుటకు తగిన ముఖములు చేయుదురు. వరంగల్లు జంఖానాలు 2018లో భౌగోళిక గుర్తింపును పొందినవి. ప్రతి శిశువునకు ఒక చిన్న జంఖానా పరచినచో అదియే అతని పనిచోటు.

కొలతలు, జాగ్రత్తలు

హసన్‌పర్తి మండలపు గ్రామములలో సామగ్రి చేయింపదలచువారు మొదట పిల్లలనే కొలువవలెను. నేలనుండి మోకాలి వెనుక మడత వరకు గల ఎత్తే కుర్చీ ఎత్తు. చిన్నవారికి సుమారు 26 సెంటీమీటర్లు, అయిదారేండ్ల వారికి సుమారు 31 సెంటీమీటర్లు సరిపోవును. వాటికి తగిన బల్లలు వరుసగా 46, 53 సెంటీమీటర్ల ఎత్తుండవలెను. అర శిశువు కంటిచూపునకు మించి ఉండరాదు. అంచులు గుండ్రముగా చిత్రిక పట్టి, గరుకు కాగితముతో రుద్దవలెను. సీసము కలిసిన రంగులు పూయరాదు. మూడేండ్లు నిండని బిడ్డలు మసలు చోట గొంతులో ఇరుక్కొను చిన్న ముక్కలు ఉంచరాదు.

పంచాయతీ కర్తవ్యము

33 ప్రాజెక్టులతో 1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకమే అంగన్‌వాడీలకు మూలము. రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలులో విద్య, స్త్రీ శిశు అభివృద్ధి రెండును పంచాయతీలకు అప్పగింపదగిన విషయములుగా పేర్కొనబడినవి.

2021 జనవరి 1 నుండి ఆటవస్తువులకు భారతీయ ప్రమాణముల సంస్థ గుర్తు తప్పనిసరి యైనది. హస్తకళల అభివృద్ధి కమిషనరు వద్ద నమోదైన శిల్పులు తాము చేసి అమ్ము వస్తువులకు మినహాయింపు కలదు. కనుక స్థానిక శిల్పిని నమోదు చేయించుటలో సభ్యులు సహాయపడవలెను.

తక్కువ ధర ఒక్కటే చూడక, ముందుగా ఒక కుర్చీని, ఒక దిమ్మెను మాత్రము చేయించి పది దినములు పిల్లల చేతికి ఇయ్యవలెను. వడ్రంగియే వచ్చి, పిల్లలు వాటిని వాడు తీరు చూడవలెను. లోపములు సవరించిన పిమ్మట మిగిలినవి చేయింపవచ్చును. ఇందువలన ఊరి సొమ్ము ఊరి శిల్పికి చేరును. విరిగిన వస్తువు మరునాడే బాగుపడును. శిశువు ఆ వయసును మరల పొందజాలడు. ఆ కొలది ఏండ్లలో అతని కాళ్లు నేలకు, చేతులు పనికి అందునట్లు చేయుట పంచాయతీ చేతిలోని పనియే.