నల్లమల నడకదారి

గమ్యాన్ని చేర్చే వాహనాలు లేని రోజుల్లో యాత్ర అంటే కాలినడకే. నేడు శ్రీశైలానికి బస్సులు నేరుగా వెళుతున్నాయి. అయినా ఏటా వేలాది భక్తులు నల్లమల అడవిగుండా నడిచి వెళ్ళడానికే ఇష్టపడుతున్నారు. మాఘ బహుళ చతుర్దశినాటి మహాశివరాత్రికి తెలుగువారు, చైత్ర శుద్ధ పాడ్యమినాటి ఉగాదికి కన్నడిగులు అధికసంఖ్యలో ఈ దారి పడతారు. కన్నడిగులకు భ్రమరాంబ తమ ఇంటి ఆడపడుచు. అందుకే వారు పుట్టింటివారివలె చీర, పసుపు, కుంకుమలు వెంట తెస్తారు.

ఈ యాత్ర నేటిది కాదు. పాల్కురికి సోమనాథుడు ‘పండితారాధ్య చరిత్ర’లోని పర్వత ప్రకరణంలో శ్రీశైల యాత్రికుల కోలాహలాన్ని వర్ణించాడు. నాటి ప్రజలు పాడుకొన్న తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు మొదలైన వాటి పేర్లు ఆ గ్రంథం వల్లనే మనకు తెలిశాయి. 14వ శతాబ్దిలో ప్రోలయ వేమారెడ్డి కొండకు సోపానాలు నిర్మింపజేశాడు. 1830లో చెన్నపట్నం నుండి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య కూడా మార్గమధ్యంలో శ్రీశైలాన్ని దర్శించాడు.

నేటి నంద్యాల జిల్లాలోని ఆత్మకూరుకు సమీపాన ఉన్న వెంకటాపురం వద్ద అడవిదారి మొదలవుతుంది. నాగలూటి, పెద్దచెరువు దాటితే లోయలో భీముని కొలను. అక్కడినుండి నిట్టనిలువు మెట్లెక్కి కైలాసద్వారం చేరాలి. ఆపై హాటకేశ్వరం, శ్రీశైలం. దూరం సుమారు 40 కిలోమీటర్లు. ఎండకాచే కాలం, నీరు అరుదుగా దొరికే దారి, పులులు సంచరించే అభయారణ్యం. ఇట్టి చోట ఎవరైనా వెనుకబడితే అది అతని ఒక్కని ఆపద కాదు, బృందానికంతటికీ ఆపదే. కనుక యాత్రకు సన్నాహమంటే మూట కట్టుకోవడం మాత్రమే కాదు. కలిసి నడవడం నేర్చుకోవడం.

ఒక పల్లెలో ఇరవైమంది శివరాత్రికి బయలుదేర సంకల్పించారనుకుందాం. నెల ముందే వారు గుడి అరుగుమీద సమావేశమవుతారు. పలుమార్లు ఆ దారి నడిచినవాడు బృందానికి పెద్ద. “రేపటినుండి అందరూ తెల్లవారుజామున చెరువుకట్ట చివరిదాకా నడవాలి. పది రోజుల తర్వాత మూట నెత్తిన పెట్టుకొని నడవాలి” అని ఆయన నియమం.

ఆ బృందంలో అరవై అయిదేళ్ళ ముసలమ్మ ఒకతె ఉంది. మనుమని ఆరోగ్యం కోసం మొక్కుకొన్నది. “అవ్వ వస్తే మనకు రెండు రోజుల దారి మూడు రోజులవుతుంది” అని ఒక యువకుడు గొణిగాడు. పెద్ద ఆ మాట విన్నాడు గాని బదులు చెప్పలేదు.

మూటల పరీక్ష మొదలైంది. ఒకడు నాలుగు జతల బట్టలు, కొత్త చెప్పులు తెచ్చాడు. నాలుగు రోజులకే చెప్పులు కరచి మడమలు పుండ్లయ్యాయి. గొణిగిన యువకుడే అతడు. ముసలమ్మ మూటలో ఒక చీర, దుప్పటి, అటుకులు, బెల్లం, నీటిసీసా, వేసుకొనే మందులు మాత్రమే ఉన్నాయి. ఆమె మెల్లగా నడిచింది. కాని ఒక్కరోజూ మానలేదు. అయినా పెద్ద ఆమెను వైద్యునికి చూపించిన పిదపనే సమ్మతించాడు.

“పెద్దమ్మా, నువ్వు ముందు నడు. నీ అడుగును బట్టి మేము నడుస్తాం. అలసట అనిపిస్తే దాచుకోకుండా చెప్పాలి” అన్నాడు. తర్వాత యువకునివైపు తిరిగి, “నాయనా, నువ్వు అందరికంటే చివర రావాలి. నిలిచినప్పుడల్లా తలలు లెక్కపెట్టే బాధ్యత నీదే. విడవవలసిన బరువేదైనా ఉంటే ఊళ్ళోనే విడుద్దాం. అడవిలో మనిషిని విడవకూడదు” అన్నాడు. యువకుడు తలవంచి రెండు జతల బట్టలు తీసి ఇంటికి పంపాడు.

బయలుదేరే ముందు మరికొన్ని కట్టుబాట్లు చేసుకొన్నారు: అటవీశాఖ అనుమతించిన దారి తప్పకూడదు. ప్లాస్టిక్ సంచులు, సీసాలు అడవిలో పారవేయకూడదు. రాలిన ఎండుటాకుల నడుమ నిప్పు రాజేయకూడదు. చీకటిపడ్డాక ఎవరూ ఒంటరిగా కదలకూడదు.

యాత్రనాటి వేకువన ఇల్లాండ్రు గుమ్మాలలో కొబ్బరికాయలు కొట్టి సాగనంపారు. వెంకటాపురం దాటి అడవి అంచుకు చేరేసరికి తూర్పు తెల్లబారింది. ముసలమ్మ చెట్టు మొదట క్షణం నిలిచి, కొంగు నడుముకు బిగించి ముందుకు సాగింది. పదిహేడుగురు ఆమె అడుగును అనుసరించారు. పెద్ద పక్కకు నిలిచి చూస్తున్నాడు. వరుస చివరినుండి యువకుని గొంతు వినిపించింది: “ఇరవై.”