చలికాలమున గాలమునకు తగిన ఎర

వానాకాలపు వరి కోతలు, నూర్పిళ్లు ముగిసి యాసంగి నాట్లు పడులోపల రైతు సోదరులకు కొంత తీరిక చిక్కును. నడిగూడెం పరిసర గ్రామములలో పలువురు ఈ తీరికలో పాలేరు మడుగులలోను, చెరువు కట్టల మీదను గాలము వేయుదురు. వానాకాలములో చక్కగా పడిన చేపలు మార్గశిర, పుష్య మాసములలో పడుట లేదనియు, నీటిలో చేపలే లేవనియు వారు చెప్పుచుందురు. చేపలు లేకపోలేదు, వాని ఆకలి తగ్గినది.

చలిలో చేప మేత ఏల ముట్టదు?

చేపకు పశువులవలె సొంత ఒంటి వేడి లేదు. నీరు ఎంత చల్లబడిన దాని శరీరమును అంత చల్లబడును. బొచ్చె, రవ్వ, మోసు చేపలు నీటి వేడి 25 నుండి 30 సెంటీగ్రేడు డిగ్రీలు ఉన్నపుడు బాగుగా మేయును. 20 డిగ్రీలకు తగ్గిన కొలది అరుగుదల మందగించి మేత తగ్గించును. పైగా ఈ కాలమున నీరు తేటపడును గనుక లావు దారము చేపకు కనబడును.

గత పుష్యమున పాలేరు ఒడ్డున ఒక రైతు తెల్లవారకముందే తట్టెడు తవుడు నీటిలో చల్లి, నిమ్మకాయంత పిండి ముద్ద గ్రుచ్చి కూర్చుండెను. పది గంటల వరకు బెండు కదలలేదు. ఎండ ఎక్కిన పిమ్మట వచ్చిన అతని కుమారుడు శనగగింజంత పిండిని చిన్న గాలమునకు పెట్టి రెండు మోసులను పట్టెను. మొదట వేసిన తవుడే చేపల కొద్దిపాటి ఆకలిని తీర్చినదని రైతు గ్రహించెను.

ఏ చేపకు ఏ ఎర?

మోసు, బంగారు తీగ: ఇవి అడుగున మేయును. ఎర్రలు (వానపాములు) మేలు. పెద్ద ఎర్రను తుంచి చిన్న ముక్క గ్రుచ్చవలెను.

రవ్వ: నడిమి నీటిలో తిరుగును. మెత్తని పల్లిచెక్క పిండి తగినది.

బొచ్చె: పై నీటిలో సన్నని జీవులను వడకట్టి తినును. ఎర్ర కంటె నీటిలో మెల్లగా కరగు తవుడు పిండి మంచిది.

జెల్ల: ఎర్ర గాని, రొయ్య ముక్క గాని అడుగున ఉంచవలెను. చీకటి పడు వేళ పడును.

కొరమీను: చిన్న చేపను ఎరగా వాడవచ్చును. కప్పను వాడవద్దు, అది పైరు పురుగులను తిని రైతుకు మేలు చేయును.

ఎర పిండి తయారు చేయు విధము

జల్లించిన పల్లిచెక్క పొడి 2 పాళ్లు, వేయించిన తవుడు 1 పాలు, అంటుకొనుటకు కొంచెము గోధుమపిండి కలిపి గోరువెచ్చని నీటితో పిసుకవలెను. వేయించిన మెంతిపొడి చిటికెడు చాలును. చలికి పిండి గట్టిపడును గనుక వేసవిలో కంటె మెత్తగా ఉంచవలెను. ముందుగా నీటిలో వేయు మేత పిడికెడుకు మించరాదు.

వేళ, చోటు

ఉదయము పది గంటల నుండి సాయంత్రము నాలుగు వరకు అనువైన వేళ. ఎండ తగులు, గాలి తగులని మడుగు అంచు ఎన్నుకొనవలెను. సాగర్ ఎడమ కాలువ గట్టు వాలుపై కూర్చుండరాదు; జారినచో ఎక్కుట కష్టము.

జాగ్రత్తలు

1. పురుగుమందు డబ్బాలలో ఎరను ఉంచరాదు. మందు చల్లిన చేతులను సబ్బుతో కడుగక పిండి కలుపరాదు.

2. ఎర్రలను పెంటకుప్ప అంచున త్రవ్వుకొనవలెను. పొలములోని ఎర్రలు నేలను గుల్లపరచును; వానిని తీయవద్దు.

3. చేపల హక్కు మత్స్య సహకార సంఘమునకు ఉన్న చెరువులో అనుమతి లేక గాలము వేయరాదు.

4. చేపలు పడలేదని కొందరు మడుగులో పురుగుమందు పోయుదురు. ఇది ఘోరము. పత్తికి, మిరపకు వాడు సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు అతి స్వల్ప మోతాదుననే చేపలను చంపును. ఒక్క చేప కొరకు వేల పిల్లలు నశించును. ఆ నీరు త్రాగిన పశువులకు, ఆ చేప తిన్న పిల్లలకు ప్రాణాపాయము కలుగవచ్చును. విషముతోను, ప్రేలుడు పదార్థములతోను చేపలు చంపుటను 1897 నాటి భారత మత్స్య చట్టము నేరముగా ఎంచినది. గ్రామాధికారులు ఈ విషయమును ఊరిలో చాటింపవలెను.

చిన్న గాలము, సన్న దారము, కొద్ది ఎర, ఎండ వేళ, ఓపిక - ఈ ఐదును పాటించినచో చలికాలమునను గాలము వట్టిగా తిరిగి రాదు.