ఏటి ఒడ్డున విమానాశ్రయం

విమానాశ్రయం అనగానే ఊరికి దూరంగా ఉండే విశాలమైన మైదానం, పెద్ద పెద్ద భవనాలు, బారులు తీరిన ప్రయాణికులు మన కళ్ళ ముందు మెదలుతారు. కాని అన్ని విమానాశ్రయాలూ అటువంటివి కావు. నగరం నడిబొడ్డుకు ఎదురుగా, నది వంపులో, రోజువారీ ప్రయాణికుల విమానాలు లేకపోయినా నిత్యం పనిచేసే విమానాశ్రయం ఒకటి అమెరికాలో ఉంది. దాని పేరు హోల్మన్ ఫీల్డ్.

అమెరికా ఉత్తర భాగంలోని మిన్నెసోటా రాష్ట్రానికి సెయింట్ పాల్ రాజధాని. దాని పక్కనే మినియాపొలిస్ నగరం ఉంది. ఈ రెండింటినీ కలిపి జంట నగరాలు అంటారు. అదే రాష్ట్రంలోని ఇటాస్కా సరస్సులో పుట్టిన మిసిసిపీ నది ఈ నగరాల మీదుగా దక్షిణంగా ప్రవహించి, మెక్సికో సింధుశాఖలో కలుస్తుంది. సెయింట్ పాల్ నగర కేంద్రం నదికి ఒక ఒడ్డున మిట్ట మీద ఉంది. ఎదుటి ఒడ్డున పల్లపు నేల ఉంది. అక్కడ నది పెద్ద వంపు తిరుగుతుంది.

విమానాలు కొత్తగా వచ్చిన కాలంలో వాటికి కావలసినవి రెండే. ఒకటి చదునైన నేల, రెండవది నగరానికి దగ్గరితనం. ఆ రెండూ నది ఒడ్డున దొరికాయి. వరదలు తెచ్చిన ఒండ్రు వల్ల ఆ నేల చదునుగా ఏర్పడింది. ముంపు భయం వల్ల అందులో చాలా భాగం ఖాళీగా ఉండిపోయింది. 1926లో నగరపాలకులు అక్కడ విమానాశ్రయాన్ని నెలకొల్పారు. అదే సంవత్సరం పుట్టిన నార్త్‌వెస్ట్ ఎయిర్‌వేస్ సంస్థ జంట నగరాల నుండి షికాగోకు ఉత్తరాలను విమానంలో చేరవేయడం మొదలుపెట్టింది. రైలులో రాత్రంతా పట్టే ఉత్తరం కొన్ని గంటలలో చేరసాగింది.

ఆ సంస్థ తొలి విమాన చోదకులలో చార్లెస్ హోల్మన్ ఒకడు. అతని వేగాన్ని చూసి జనం ‘స్పీడ్’ అని పిలిచేవారు. 1928లో అతడు సెయింట్ పాల్ ఆకాశంలో అయిదు గంటలపాటు ఆగకుండా 1,433 పల్టీలు కొట్టించి విమానం నడిపాడు. 1930లో షికాగోలో జరిగిన థామ్సన్ ట్రోఫీ పందెంలో గెలిచాడు. 1931 మే నెలలో ఒమాహా నగరంలో విమాన విన్యాసాలు చేస్తూ ప్రమాదంలో మరణించాడు. అతని జ్ఞాపకార్థమే ఈ విమానాశ్రయానికి హోల్మన్ ఫీల్డ్ అని పేరు వచ్చింది.

ఇక్కడి పాత కార్యాలయ భవనం కూడా చెప్పుకోదగినదే. 1930 దశకంలో ఆర్థికమాంద్యం వల్ల లక్షలాదిమంది పని లేక అలమటించారు. వారికి పని కల్పించడానికి ప్రభుత్వం చేపట్టిన పథకం కింద దీనిని రాతితో కట్టారు. దీని నమూనా గీసినవాడు క్లారెన్స్ విగింగ్టన్. నగరపాలక సంస్థలో వాస్తుశిల్పిగా నియమితులైన నల్లజాతివారిలో ఆ దేశంలో ఆయనే మొదటివాడని చెబుతారు.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఈ చిన్న విమానాశ్రయం పెద్ద కర్మాగారంగా మారింది. కర్మాగారాల నుండి వచ్చిన బి-24 యుద్ధవిమానాలకు అవసరమైన మార్పులు చేసి ఇక్కడి నుండి పంపేవారు. వేలాదిమంది కార్మికులు పనిచేశారు. వారిలో స్త్రీలూ అనేకులు.

యుద్ధం తరువాత విమానాలు పెద్దవయ్యాయి. వాటికి పొడవైన రన్‌వేలు కావాలి. ఒకవైపు నది, మరొకవైపు కొండచరియలు ఉన్నందున హోల్మన్ ఫీల్డ్ ఎంతో దూరం విస్తరించలేకపోయింది. ప్రయాణికుల విమానాలన్నీ మిట్ట మీద ఉన్న పెద్ద విమానాశ్రయానికి తరలిపోయాయి. అయితే చిన్నదాని పని ముగియలేదు. పెద్ద విమానం వెళ్ళిన వెనుక గాలిలో బలమైన సుడులు లేస్తాయి. వాటిలో చిక్కితే చిన్న విమానం అదుపు తప్పవచ్చు. కనుక చిన్న విమానం చాలా ఎడంగా రావాలి. పైగా దాని వేగమూ తక్కువే. రెండింటినీ ఒకే రన్‌వే మీద దింపితే పెద్ద విమానాలు ఆకాశంలో వేచి ఉండవలసివస్తుంది. అందుకే చిన్న విమానాలకు వేరే చోటు చూపుతారు. 1943లో ఏర్పడిన మహానగర విమానాశ్రయాల సంఘం నేడు ఒక పెద్ద విమానాశ్రయాన్ని, దాని బరువును పంచుకొనే ఆరు చిన్న విమానాశ్రయాలను నడుపుతున్నది. హోల్మన్ ఫీల్డ్ ఆ ఆరింటిలో ఒకటి. వ్యాపార సంస్థల జెట్ విమానాలు, మిన్నెసోటా నేషనల్ గార్డ్ దళం హెలికాప్టర్లు ఇక్కడి నుండి ఎగురుతాయి.

అయితే నేల ఇచ్చిన నదే అప్పుడప్పుడు దానిని తిరిగి తీసుకొనేది. హోల్మన్ ఫీల్డ్ సముద్రమట్టానికి 215 మీటర్ల ఎత్తున ఉంది. పెద్ద విమానాశ్రయం 256 మీటర్ల ఎత్తున ఉంది. మన నదులకు సాధారణంగా వానాకాలంలో వరదలు వస్తాయి. అక్కడ చలికాలమంతా పేరుకొన్న మంచు వసంతంలో ఒక్కసారిగా కరిగినప్పుడు వరద వస్తుంది. సెయింట్ పాల్ దగ్గర నీటిమట్టం 14 అడుగులు చేరితే వరద వచ్చినట్లే. 1965 ఏప్రిల్‌లో అది 26 అడుగులకు చేరింది. విమానాశ్రయం నీట మునిగింది. 1993, 1997, 2001 సంవత్సరాలలోనూ వరదలు దానిని మూసివేయించాయి.

ఆ ముంపు విమానాశ్రయానిది మాత్రమే కాదు. దానికి దగ్గరలోనే, అదే పల్లంలో, ఇతర దేశాల నుండి వలస వచ్చిన పేదల వాడ ఒకటి ఉండేది. మొదట యూదులు, తరువాత మెక్సికో నుండి వచ్చినవారు అక్కడ ఎక్కువగా నివసించారు. 1952 వరదలో ఆ వాడ మునిగింది. 1960 దశకం ఆరంభంలో అక్కడి ఇళ్ళు, దుకాణాలు, ప్రార్థనామందిరాలు తొలగించి, పరిశ్రమలకు స్థలమిచ్చి, కరకట్ట కట్టారు. తరతరాలుగా ముంపును భరించినవారికి ఆ కట్ట రక్షణ దక్కలేదు.

విమానాశ్రయానికి గోడ కట్టాలన్నప్పుడు కూడా వాదోపవాదాలు జరిగాయి. ఒకచోట అడ్డగించిన నీరు మరొకచోటికి పోతుంది కదా అని ఇరుగుపొరుగువారు ఆందోళన చెందారు. మరొక చిక్కు కూడా ఉంది. రన్‌వే చివర ఎత్తయిన గోడ ఉంటే దిగే విమానాలకు ప్రమాదం. దీనికి ఇంజనీర్లు ఒక ఉపాయం ఆలోచించారు. రన్‌వే చివరల వద్ద గోడను శాశ్వతంగా నిలపక, విడిభాగాలుగా తయారుచేసి భద్రపరిచారు. వరద రానున్నదని తెలియగానే సిబ్బంది స్తంభాలు నాటి, పలకలు బిగించి గోడ నిలుపుతారు. నీరు తగ్గగానే విప్పివేస్తారు. 2019లో నది 20 అడుగులకు పెరిగినప్పుడు, మళ్ళీ 2023లోనూ ఈ గోడను నిలిపారు.

నది ఒడ్డున ఏది కట్టినా దాని లాభం ఎవరికి, నష్టం ఎవరికి అని ముందుగా ఆలోచించాలి. హోల్మన్ ఫీల్డ్ చరిత్రలో ఈ ప్రశ్న పదే పదే ఎదురవుతుంది.

కఠిన పదాలకు అర్థాలు

ఒండ్రు = వరద తెచ్చి వేసిన మెత్తని మట్టి
విన్యాసం = నేర్పుతో చేసే ప్రదర్శన
మాంద్యం = వ్యాపారాలు, పనులు మందగించిన స్థితి
కరకట్ట = వరదను ఆపడానికి నది ఒడ్డున వేసిన కట్ట

ప్రశ్నలు

1. విమానాశ్రయానికి నది ఒడ్డును ఎందుకు ఎంచుకొన్నారు?
2. చిన్న విమానాలకు వేరే విమానాశ్రయం ఎందుకు అవసరం?
3. రన్‌వే చివర శాశ్వతమైన గోడ ఎందుకు కట్టలేదు?
4. పేదల వాడను తొలగించిన తరువాత కరకట్ట కట్టడం న్యాయమేనా? మీ అభిప్రాయం పది వాక్యాలలో రాయండి.
5. మీ ప్రాంతంలోని నది వల్ల కలిగే మేలును, కీడును పెద్దలను అడిగి తెలుసుకొని రాయండి.

భాషాంశాలు

1. విడదీసి, సంధి పేరు రాయండి: విమానాశ్రయం, వాదోపవాదాలు.
2. విగ్రహవాక్యం రాసి, సమాసం పేరు చెప్పండి: నీటిమట్టం, మహానగరం.
3. సొంతవాక్యాలలో ఉపయోగించండి: నడిబొడ్డు, బారులు తీరు, పదే పదే.