క్రొత్త బేరగానికి మంచిపేరే మూలధనము

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలో పీయూసీ ముగించియో, డిగ్రీ చదువుచునో, చదువు ముగించి ఉద్యోగమునకై ఎదురుచూచుచునో యున్న యువకులలో పలువురు నేడు ఫోనులోను కంప్యూటరులోను ఆటలాడుటతో తృప్తి నొందక, ఆ యాటలయందు లభించు స్కిన్లను, ఆయుధములను, అలంకార సామగ్రిని ఇతరులతో మార్చుకొనుటయందును మిక్కిలి యాసక్తి చూపుచున్నారు. ఆటలో నేర్పరి యగుట వేఱు, ఆటగాండ్ర నడుమ నమ్మదగిన బేరగాడని పేరొందుట వేఱు. మొదటిదానికి వ్రేళ్ళ చుఱుకుదనము చాలును. రెండవదానికి శీలము, ఓర్పు, లెక్క వ్రాయు నలవాటు కావలెను. ముక్కు మొగము తెలియని వారి నడుమ అడుగిడిన క్రొత్తవాడు నమ్మకమునకు వెల ముందుగా చెల్లింపక తప్పదనియు, ఆ వెల చెల్లించుట నేర్చినవానికి ఆ విద్య ఆటతో ముగియక బ్రతుకుతెరువునకు పెట్టుబడి యగుననియు చెప్పుటయే ఈ వ్యాసోద్దేశము.

మన సీమలోని నమ్మకపు బడి

చిక్కబళ్ళాపురము కోలారునుండి విడివడి ప్రత్యేక జిల్లా యైనది 2007లోనే గాని, ఈ సీమకు వర్తకము నిన్న మొన్నటిది గాదు. చింతామణి తాలూకాలోని కైవారమున వెలసి తెలుగు కన్నడములలో తత్త్వములు పాడిన నారేయణ తాత, పూర్వాశ్రమమున గాజుల మలారము భుజమున వేసికొని ఊరూర తిరిగిన వర్తకుడని పెద్దలు చెప్పుదురు. గాజులమ్మువాడు వాకిటిలో కూర్చుండి ఆడపడుచుల చేతులకు గాజులు తొడుగువాడు. ఒక్క యింట మాట తప్పినచో మఱునాడు ఆ వీధిలో అతని కేకకు ఏ తలుపును తెఱచుకొనదు. తిరుగు వర్తకుని బ్రతుకంతయు రెండవ రాక మీదనే ఆధారపడి యుండును.

చింతామణి టమాట మండీలో ఇదే ధర్మము మఱియొక రూపమున కనబడును. 15 కిలోల పెట్టెలు వరుసగా పేర్చియుండ, కొనువాడు పై వరుస పండ్లను చూచి ఊరకుండడు. చేయి లోనికి జొనిపి అడుగునుండి రెండు పండ్లు పైకి తీసి, బొటనవ్రేలితో నొక్కి చూచిన పిమ్మటనే పాట పాడును. ఎఱ్ఱనివి పైనను, పచ్చివియు పగిలినవియు అడుగునను పేర్చి తెచ్చిన రైతునకు ఆనాటి ధర తగ్గుటయే కాక, తరువాతి కోతకు గూడ అతని పేరు విన్నంతనే పాట మందగించును. అడుగు వరుసయు పై వరుసవలెనే యుండునని పేరుపడినవాని సరకునకు అంత పరీక్ష యుండదు. 2023 జులైలో కోలారు సీమ మండీలలో పెట్టె ధర రెండువేల రూపాయలు దాటినపుడు చెడ్డ పండ్లను గూడ అమ్ముకొను నవకాశము మెండుగా నుండెను. అట్టి దినములలో సైతము తూకము, రకము చెడనీయని వాని పేరే ధరలు కూలిన నాడును నిలుచును.

ఇక శిడ్లఘట్టలోని ప్రభుత్వ పట్టుగూళ్ళ మార్కెట్టును చూడుడు. అచ్చట గూళ్ళు తెచ్చిన రైతును, ఆ గూళ్ళను కొను రీలరును ఒకరినొకరు ఎఱుగవలసిన పని లేదు; వేలము ఎలక్ట్రానిక్ పద్ధతిని సాగును, తూకము మార్కెట్టు కాటా మీద జరుగును. కర్ణాటక మండీలను ఒక్క త్రాటికి తెచ్చిన ఏకీకృత మార్కెట్టు వేదిక 2014లోను, దేశవ్యాప్తమైన ఈ-నామ్ 2016 ఏప్రిల్ 14న ఆరంభమైనవి. కావున నమ్మకము రెండు తెఱగులని యెఱుగవలెను: మనిషి పేరు మీద నిలుచునది యొకటి, సంస్థయొక్క నియమము మీద నిలుచునది మఱియొకటి. ఆన్‌లైన్ క్రీడాలోకమునకు క్రొత్తగా వచ్చినవాడు మొదట రెండవదానిని ఆశ్రయించి, క్రమముగా మొదటిదానిని సంపాదింపవలయును.

క్రొత్తవానికి తఱుగు ఏల?

అమ్మువానికి తన వస్తువు గుణము తెలియును, కొనువానికి తెలియదు. ఈ వైషమ్యము వలననే మంచి సరకు సైతము అంగడిలో చౌకబడునని జార్జి అకెర్లాఫ్ అను ఆర్థిక శాస్త్రవేత్త 1970లో పాత కార్ల బేరమును దృష్టాంతముగా గైకొని నిరూపించెను. 2001లో ఆయనకు నోబెల్ బహుమానమునందు భాగము లభించెను. 1995లో ఆరంభమైన ఈబే అను వేలపు అంగడి, కొన్నవారును అమ్మినవారును ఒకరి నడవడిని గూర్చి యొకరు బహిరంగముగా వ్రాయు ఏర్పాటు చేసి ఈ చిక్కును కొంత విడదీసినది. అందలి పేరునకు విలువ యెంతయని తెలిసికొన గోరి, పాల్ రెస్నిక్ ప్రభృతి పరిశోధకులు పాత పోస్టుకార్డులను పేరుపడిన విక్రేత పేరటను, క్రొత్త పేర్లతోను అమ్మించి చూచిరి. 2006లో ప్రచురితమైన ఆ పరీక్షలో, ఒకే తరగతి వస్తువునకు పాతవాని వద్ద కొనువారు 8.1 శాతము ఎక్కువ యీయ సిద్ధపడిరని తేలెను.

ఈ తఱుగు క్రొత్తవానియెడ జరుగు నన్యాయమని తలపరాదు. చెడ్డపేరు వచ్చినవాడు ఆ ఐడీని విడిచి క్షణములో మఱియొక ఐడీతో రాగల లోకమున, క్రొత్త పేరెల్లను అనుమానింపబడుట సహజము. ఈ సంగతినే రెస్నిక్, ఎరిక్ ఫ్రీడ్‌మన్ అనువారు 2001లో సిద్ధాంతీకరించి, పేర్లు చౌకయైన చోట క్రొత్తవారందఱును ప్రవేశ రుసుము చెల్లింపవలసి వచ్చునని చెప్పిరి. ఆ రుసుము ధనరూపమున కాక చిన్న బేరములు, తక్కువ లాభము, కాలము అను మూడింటి రూపమున చెల్లించుట వివేకము.

అనుసరింపదగిన పద్ధతి

మొట్టమొదట ఒక్క పేరును ఎన్నుకొని, దానిని మార్చక, భద్రముగా కాపాడుకొనుడు. స్టీమ్ వంటి ఆటల వేదికలో కనీసము 5 డాలర్లు వ్యయము చేయని ఖాతాకు మార్కెట్టు ద్వారము తెఱవబడదు. మొబైల్ అథెంటికేటర్ లేని ఖాతానుండి పంపు వస్తువు 15 దినముల వఱకు నిలిచిపోవును. 2025 జులై నుండి కౌంటర్-స్ట్రైక్ 2 అను ఆటలో చేతులు మారిన వస్తువునకు 7 దినముల రక్షణ గలదు. ఖాతా దొంగిలింపబడినవాడు ఆ గడువులో మార్పిడిని మరలింపవచ్చును. ఈ యాలస్యములు తొందరపాటు బేరగానికి విసుగు పుట్టించును గాని, క్రొత్తవానికి ఇవియే కంచెలు.

రెండవది, తొలి మాసములలో పోయినను బాధ కలిగింపని చిన్న వస్తువులతోనే బేరమాడుడు. అదియు వేదిక స్వయముగా ఏర్పఱచిన ట్రేడ్ కిటికీలోనే జరుపుడు. ఇరువైపుల వస్తువులు ఒకేసారి మాఱని బేరములలో పేరు తక్కువవాడు ముందుగా ఇచ్చుట ఆటగాండ్ర నడుమ ఆచారము. దానికి నొచ్చుకొనక, ముందిచ్చి పోగొట్టుకొనగల పరిమితిలోనే బేరమును ఉంచుకొనుడు.

మూడవది, లోపమును మీరే ముందుగా చెప్పుడు. కౌంటర్-స్ట్రైక్ స్కినునకు అరుగుదలను తెలుపు ఫ్లోట్ అను సంఖ్య సున్నకును ఒకటికిని నడుమ నుండును. అది యెంత తక్కువయైన వస్తువు అంత క్రొత్తగా కనబడును. మెఱయువైపు మాత్రమే స్క్రీన్‌షాట్ తీసి పంపక, ఫ్లోట్ సంఖ్యను, గీతలు పడిన వైపును మొదటి సందేశములోనే చూపినవానిని ఎదుటివాడు మఱువడు. ఆ యొక్క సందేశము పది పొగడ్తల పెట్టు.

నాలుగవది, లెక్కపుస్తకము పెట్టుడు. తేదీ, ఎదుటివాని ఐడీ, వస్తువు, వెల, ఒప్పుకొన్న షరతులు ఒక్కొక్క వరుసగా వ్రాసికొని స్క్రీన్‌షాట్లను దాచుడు. తగాదా వచ్చినప్పుడు గొంతు పెంచువానికంటె పుస్తకము విప్పువాడు నెగ్గును. స్నేహితులచేత లేని బేరములకు మెప్పులు వ్రాయించుకొనుట, వెలయిచ్చి మెప్పులు కొనుట మాత్రము ఎన్నడును చేయకుడు. ఒక్క బొంకు బయటపడిన దినమున నిజమైన మెప్పులును దానితోడనే కొట్టుకొనిపోవును.

మోసములు, హద్దులు

మోసగాడు సాధారణముగా పేరుపడినవాని పేరును, బొమ్మను తగిలించుకొని వచ్చును. లేదా మధ్యవర్తినని చెప్పి ఇరువురి వస్తువులను తన చేతికి ఇమ్మనును. లేదా మీ ఖాతా మీద ఫిర్యాదు వచ్చినదనియు, వెంటనే అధికారితో మాటలాడుమనియు తొందరపెట్టును. ఓటీపీ, పాస్‌వర్డు, క్యూఆర్ కోడు అడిగిన క్షణమున సంభాషణ ముగింపుడు. సొమ్ము పోయినచో సిగ్గుపడి దాచక, ఆలస్యము చేయక సైబరు మోసముల ఫిర్యాదు సంఖ్యయగు 1930కి ఫోను చేయుడు. మొదటి గంటలే విలువైనవి.

మన పల్లెలలో ఎక్కువగా వినవచ్చునది ఐడీల అమ్మకము. బీజీఎంఐ మొదలగు ఆటల నియమములు ఖాతా విక్రయమును నిషేధించినవి. అమ్మినవాడు తిరిగి స్వాధీనము చేసికొనగల వస్తువును అమ్ముట బేరమే కాదు. స్టీమ్ వాలెటులోని సొమ్మును బ్యాంకునకు మరలించు మార్గము వేదిక యీయలేదని గుర్తెఱిగి, దానిని ఆదాయమని ఇంటివారికి చెప్పకుడు. పందెపు సొమ్ముతో నాడు ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి యామోదము పొందిన చట్టము నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను వేఱుగా గుర్తించినది. కావున ఆటలోని బేరమును అభ్యాసముగా గ్రహింపుడు. అప్పుచేసియో, ఫీజు కట్టవలసిన సొమ్ముతోనో దాని జోలికి పోకుడు.

ఈ విద్య ఎచ్చట అక్కరకు వచ్చును?

ఈ-కామర్స్ సంస్థలకును చెల్లింపుల కంపెనీలకును మోసములను పసికట్టువారు, ఫిర్యాదులను పరిష్కరించువారు, విక్రేతల ఖాతాలను నడపువారు కావలెను. ఈ-స్పోర్ట్స్ పోటీలకు ఆటగాండ్ర తగవులను తీర్చి నిర్వహించువారు కావలెను. వ్రాతపూర్వకమైన లెక్కయు, తగాదాను మర్యాదగా ముగించిన యుదాహరణములును చూపగల యభ్యర్థి ఇంటర్వ్యూలో చెప్పుటకు నిజమైన సంగతులు గలవాడగును. తెలుగు, కన్నడములు రెండును ఇంటి భాషలవలె మాటలాడుట బెంగళూరు కస్టమర్ సపోర్టు కొలువులలో మన ప్రాంతపువారికి సహజముగా సంక్రమించిన బలము. దానికి ఇంగ్లీషున చక్కని నాలుగు వాక్యములు వ్రాయు నేర్పు చేర్చుకొనుడు.

అంతకంటె దగ్గఱి మార్గము ఇంటి యొద్దనే గలదు. రైతు ఉత్పత్తిదారుల సంఘములకు సరకును ఫోటో తీసి, లోపములతో సహా వర్ణించి, దూరపు కొనుగోలుదారునకు నమ్మకముగా అమ్మిపెట్టు యువకులు కావలెను. చింతామణి పట్టుపరిశ్రమ కళాశాల విద్యార్థులకు గూళ్ళ రకము తెలియును. ఆటలో బేరము నేర్చినవారికి ముఖపరిచయము లేని కొనుగోలుదారుని మనస్సు తెలియును. ఈ రెండు తెలివులు కలిసినచో ఒక మంచి వ్యాపారము పుట్టును.

యువకులారా, తొందరపడకుడు. ఒక్క పేరుతో, చిన్న బేరములతో, దాపరికము లేని మాటతో ఒక సంవత్సరము నడువుడు. లాభము కొంచెమైనను మీ పేరు పెరిగినదేమో పరిశీలించుకొనుడు. పెరిగినచో మీరు నష్టపోలేదు. ఆ లెక్కపుస్తకమునకు నేడే శ్రీకారము చుట్టుడు.