స్క్రూడ్రైవర్ పాప చేతిలోనే ఉండనివ్వండి

మీ అబ్బాయో అమ్మాయో ఒకరోజు ఫోన్ తెచ్చి మీ ముందు పెడతారు. అందులో ఒక అట్టపెట్టె బొమ్మ. పక్కనే రంగు వేయని చెక్క, పొడవాటి మెడ, గుప్పెడు స్క్రూలు, చుట్టగా చుట్టిన వైర్లు. "నాన్నా, ఇది ఎలక్ట్రిక్ గిటార్ కిట్. మనమే బిగించుకోవాల" అంటారు. బ్యాంకు కోచింగ్ కోసం ఎక్కడెక్కడి పిల్లలో వచ్చి అద్దెగదుల్లో ఉండి చదువుకునే నంద్యాలలో ఆ మాట వింటే ముందు చదువు గుర్తొస్తుంది, ఆ తర్వాత డబ్బు. నాకూ అంతే. మా పాప తొమ్మిదో తరగతి పరీక్షలు రాసిన మరునాడే అడిగింది. వద్దన్నాను. తను మళ్లీ ఆ మాట ఎత్తలేదు. పది రోజుల తర్వాత చూస్తే, ఇంట్లో ఎప్పుడో కాలిపోయిన మిక్సీని పూర్తిగా విప్పి, ఏ స్క్రూ ఎక్కడిదో కాగితం మీద బొమ్మ గీసి, ఒక్కోదాన్నీ దాని గుర్తు మీద పెట్టుకుని కూర్చుంది. ఆ కాగితం చూశాక కిట్ తెప్పించాను.

అందుకే మొదట చెప్పేది ఇది. పాటలు వాయించాలని మాత్రమే కోరుకునే బిడ్డకు కిట్ కొనవద్దు. తయారైన గిటారే కొనివ్వండి, ఆ రోజు నుంచే నేర్చుకుంటుంది. కిట్ వల్ల డబ్బు ఆదా అవుతుందనీ అనుకోవద్దు. మాకు పెట్టె, చిన్న యాంప్లిఫయర్, సోల్డరింగ్ ఐరన్, ఎమరీ పేపర్లు, సీలర్, వార్నిష్, అదనంగా ఒక తీగల సెట్టు అన్నీ కలిపి 14,000 రూపాయలు దాటింది. దాదాపు అదే డబ్బుకు తయారైన గిటారూ, యాంప్లిఫయరూ వస్తాయి. కిట్ ఎవరికంటే, రిమోట్ విప్పి చూసే బిడ్డకు, ఫ్యాన్ ఎందుకు తిరుగుతుందని అడిగే బిడ్డకు. కొనేటప్పుడు మెడను స్క్రూలతో బిగించే రకమే ఎంచుకోండి. జిగురుతో అతికించే రకంలో తప్పు జరిగితే విప్పి సరిచేసుకోవడానికి ఉండదు.

మా అత్తగారిల్లు ఆళ్లగడ్డలో. వరండా పెద్దది, దుమ్ము లేచినా అనేవాళ్లుండరు. అందుకని సెలవులకు పెట్టెను నంద్యాల నుంచి బస్సులో అక్కడికే తీసుకెళ్లాం. ఆళ్లగడ్డ చూసినవాళ్లకు తెలుసు, రోడ్డు పక్కన శిల్పుల షెడ్లు, పొద్దున్నే మొదలయ్యే ఉలి చప్పుడు, సగం తేలిన దేవుళ్లు. పని మొదలుపెట్టే ముందు పాపను ఒక షెడ్డుకు తీసుకెళ్లాను. అక్కడి పెద్దాయన రాతి మీద గీతలు గీసి, పక్కన కూర్చుని ఊరికే చూస్తున్నాడు. "ఎప్పుడు మొదలుపెడతారు ఆచారీ?" అని అడిగాను. "మొదలుపెట్టింటిమి కదా సార్. గీత గీసినంక రెండు దినాలు చూస్తాం. సుత్తె పట్టేది ఆ తర్వాతే" అన్నాడు.

ఆ మాట పాప పట్టుకుంది, నేను పట్టుకోలేదు. పెట్టె విప్పగానే తను ఏదీ బిగించలేదు. దుప్పటి పరిచి, అన్నీ లెక్కపెట్టి, స్క్రూ లేకుండానే మెడను గాడిలో కూర్చోబెట్టి చూసింది. గాడి బిగుతుగా ఉంది. అది మంచి లక్షణం. ఆ గాడిలో ఎమరీ పేపర్ పెట్టకూడదు, రంగు పడనివ్వకూడదు. అక్కడ వదులైతే గిటార్ మోత తగ్గుతుంది, శ్రుతి నిలవదు. తర్వాత, తీగలను కింద పట్టి ఉంచే బ్రిడ్జికి స్థానం గుర్తించాలి. మా కిట్‌లో దానికి రంధ్రాలు లేవు. మెడ పై కొస నుంచి బ్రిడ్జి దాకా రెండు దారాలు కట్టి, అవి మెడ అంచులకు రెండు వైపులా సమానదూరంలో ఉన్నాయా లేదా అని పాప మాటిమాటికీ చూస్తోంది. ఒక పూట గడిచింది. నాకు ఓపిక పోయింది. "ఇంతసేపా? ఇటివ్వు" అని డ్రిల్లు తీసుకుని రెండు రంధ్రాలు వేసేశాను.

4 మిల్లీమీటర్లు పక్కకు పోయాయి. బ్రిడ్జి పెట్టి చూస్తే సన్నతీగ స్థానంలోని దారం మెడ అంచు దాటి గాలిలో వేలాడుతోంది. పాప నన్ను ఒక్క మాట అనలేదు. దారాలు చుట్టి డబ్బాలో పెట్టి లోపలికి వెళ్లిపోయింది. రెండు రోజులు వరండా వైపే రాలేదు. చెడింది చెక్క అయితే సరిచేసుకోవచ్చు. నేను అంతకంటే పెద్దదాన్నే చెడగొట్టానని ఆ రెండు రోజులూ బాధపడ్డాను. మూడోరోజు తనను కూర్చోబెట్టి, "తప్పు నాదమ్మా, నువ్వు కొలుస్తున్నది నేను ఆగి చూసుండాల్సింది" అన్నాను. వీధి చివర వడ్రంగి టేకు ముక్కను సన్నటి మేకుల్లా చెక్కి ఇచ్చాడు. పాప వాటికి ఫెవికాల్ రాసి రంధ్రాల్లో కొట్టి, ఒక రాత్రి ఆరనిచ్చి, పైకి తేలిన కొసలు కోసి, మళ్లీ కొలిచి, తనే రంధ్రాలు వేసింది. నేను టార్చి పట్టుకున్నాను.

తల్లిదండ్రులు దగ్గరుండి టార్చి పట్టుకోవడం చిన్న పని కాదు. మన పాలకొల్లులో 1969లో పుట్టిన మాండొలిన్ విద్వాంసుడు యు. శ్రీనివాస్ ఆరేళ్ల వయసులో తండ్రి సత్యనారాయణగారి మాండొలిన్ తీసి మోగించాడు. ఆ తండ్రి వాద్యాన్ని దాచిపెట్టలేదు. కొత్తది కొనిచ్చి, తనకు తెలిసింది నేర్పాడు. ఆ తర్వాత గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడి వినిపిస్తే పిల్లవాడు తీగల మీద వెతుక్కున్నాడు. కర్ణాటక సంగీతంలో గమకాలు పలకడానికి మామూలు మాండొలిన్ చాలదని, తరువాత అయిదు తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌కు మళ్లాడు. మనకు తెలియని దారిలో బిడ్డ వెళ్తున్నప్పుడు పక్కన ఎలా ఉండవచ్చో ఆ గురువును చూస్తే తెలుస్తుంది.

ఇంగ్లండులో బ్రయాన్ మే పదహారేళ్లవాడు. గిటార్ కొనే స్తోమత లేదు. 1963లో తండ్రి హెరాల్డ్‌తో కలిసి ఇంట్లోనే ఒకటి చేయడం మొదలుపెట్టాడు. పాత పొయ్యిగూడు పైచెక్క నుంచి మెడ, పాత మోటారుసైకిల్ నుంచి స్ప్రింగులు, అమ్మ గుండీల పెట్టెలోని ముత్యపు చిప్ప గుండీలతో చుక్కలు. దాదాపు రెండేళ్లు పట్టింది. తర్వాత క్వీన్ అనే రాక్ బృందంలో అతను ప్రధానంగా వాయించింది ఆ గిటారే. ఇందులో మనం దాచిపెట్టుకోకూడని ముక్క ఇంకొకటి ఉంది. కొడుకు ఖగోళశాస్త్ర పరిశోధన వదిలి సంగీతం వైపు వెళ్లినప్పుడు ఆ తండ్రే ఎంతో బాధపడ్డాడు. అదే కొడుకు 2007లో ఆ పరిశోధన ముగించి డాక్టరేట్ తీసుకున్నాడు. గిటార్ కొనిస్తే చదువు పోతుందనే భయం మనకొక్కరికే కాదు. దాన్ని బిడ్డ ముందు ఒప్పుకోవడంలో తప్పు లేదు. పనికి వేళలు పెట్టుకోండి. మేము పొద్దున 6 నుంచి 9 దాకా పెట్టుకున్నాం.

ఆ వేళకు ఎండ కూడా కారణం. మన దగ్గర మే నెల మధ్యాహ్నం వార్నిష్ పూస్తే చేయి తీసేలోపే ఆరి చారలు పడుతుంది. వార్నిష్‌కు ముందు 120 నంబరు ఎమరీతో మొదలుపెట్టి 220, 320 దాకా, చెక్క నార పోయిన దిక్కునే రుద్దాలి. అడ్డంగా రుద్దితే ఆ గీతలు వార్నిష్ కింద జీవితాంతం కనిపిస్తాయి. మూతికి మాస్కు, గాలి ఆడే చోటు తప్పనిసరి. ఎండకు మెడ చెక్క కొంచెం కుంచించుకుని ఫ్రెట్ల, అంటే మెడ మీది అడ్డు మెట్ల, లోహపు కొసలు చేతికి గుచ్చుకుంటే కంగారు పడకండి, సన్నటి ఆకురాయితో మెల్లగా అరగదీస్తే సరి. తయారైన గిటార్‌ను మాత్రం రేకుల గదిలోనో ఎండలో ఆపిన కారులోనో ఉంచవద్దు.

సోల్డరింగ్ దగ్గర చాలామంది తల్లులు భయపడతారు. ఐరన్ మొన దాదాపు 350 డిగ్రీలు ఉంటుంది కాబట్టి భయానికి అర్థం ఉంది. స్టాండ్ కొనండి, కాళ్లకు చెప్పులు, పని అయ్యాక సబ్బుతో చేతులు. మామూలు సోల్డర్‌లో సీసం ఉంటుంది. ముందు పనికిరాని వైరు ముక్కల మీద ఒక రోజంతా అలవాటు చేయించండి. సోల్డర్‌ను కాదు, అతుకు పడే చోటును వేడి చేయాలి. అక్కడ అది తనంతట తాను కరిగి పారాలి. అతుకు మెరవకుండా బూడిదరంగులో ముద్దలా ఉంటే దాన్నే టీవీ మెకానిక్కులు డ్రై సోల్డర్ అంటారు. ఈరోజు మోగుతుంది, రేపు మోగదు.

తీగలు వేయకముందే ఒక పరీక్ష ఉంది. దాన్ని మాత్రం మీరు తప్పక పక్కనుండి చూడాలి. గిటార్‌ను యాంప్లిఫయర్‌కు కలిపి, పికప్ మీద స్క్రూడ్రైవర్‌తో మెల్లగా తట్టాలి. పికప్ అంటే అయస్కాంతం చుట్టూ వెంట్రుక కన్నా సన్నటి రాగితీగ వేల చుట్లు. దగ్గర ఇనుము కదిలితే ఆ రాగిలో కరెంటు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టింది అదే. స్టీలు తీగలు కాక నైలాన్ తీగలు వేస్తే ఎందుకు మోగదో పిల్లలే చెప్పేస్తారు. మా పాప తట్టింది. స్పీకర్లో "టక్" మంది. ఇంకా సంగీతం కాదు, ఒక్క చప్పుడే. వంటింట్లోంచి వాళ్ల అమ్మమ్మ కూడా వచ్చి చూసింది.

ఆ పరీక్షకు ముందు పెద్దవాళ్లు చేయాల్సిన పని ఒకటుంది, ఇది పిల్లలకు వదలకండి. గిటార్‌లో ఇంటి కరెంటు ఉండదు, యాంప్లిఫయర్‌లో ఉంటుంది. గిటార్ తీగలు బ్రిడ్జి ద్వారా యాంప్లిఫయర్ ఎర్త్‌కు కలిసి ఉంటాయి. ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేకపోతే తీగ ముట్టుకున్న చేతికి జిల్లుమంటుంది, ఒక్కోసారి అది ప్రమాదం కూడా. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి చూపించండి. వేసవిలో ఎర్తింగ్ గుంత ఎండిపోతుంది, దానిలో నీళ్లు పోయండి. మూడు పిన్నుల ప్లగ్గుకు ఒక పిన్ను విరిచి వాడకండి. యాంప్లిఫయర్ డబ్బాను ఏ కారణానికీ విప్పనివ్వకండి.

చివరి పని శ్రుతి. మా గిటార్ తీగ మోగే పొడవు 648 మిల్లీమీటర్లు. సరిగ్గా సగం, 324 దగ్గర 12వ ఫ్రెట్. మొదటి ఫ్రెట్ ఎక్కడుండాలంటే, 648ని 17.817తో భాగించాలి, 36.4 వస్తుంది. మిగిలిన పొడవును మళ్లీ అదే అంకెతో భాగిస్తే రెండోది. లెక్కలంటే మొహం తిప్పుకునే మా పాప టేపు పెట్టి 12వ ఫ్రెట్ దాకా సరిచూసుకుంది. వీణ చేసేవాళ్లు 24 మెట్లనూ మైనంలో చెవితో విని కూర్చోబెడతారు. గిటార్‌లో మెట్లు ఫ్యాక్టరీలోనే గాట్లలో దిగి ఉంటాయి కాబట్టి మనం జరపగలిగింది బ్రిడ్జి మీది చిన్న లోహపు ముక్కల్నే. 12వ ఫ్రెట్ దగ్గర నొక్కి మోగిస్తే స్వరం హెచ్చుగా వినిపిస్తే ముక్కను వెనక్కి, తగ్గితే ముందుకు. ఒక్కో తీగకు పది నిమిషాలు. ఇక్కడ నా చెవి కన్నా తన చెవి మెరుగని నాకు తెలిసింది.

మొదటి నెల వేళ్ల కొసలు కందిపోతాయి. పాటలా వినిపించదు. పక్కింటివాళ్లు అడుగుతారు. ఆ నెలలో మీరు ఏమీ అనకుండా ఉంటే చాలు. అతిథులు వస్తే "వాయించి చూపించు" అని కూడా అనకండి.

మా పాప ఇప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం. కాలేజీ నుంచి వచ్చాక అరగంట వాయిస్తుంది, కొన్ని రోజులు అదీ ఉండదు. మూడో ఫ్రెట్ దగ్గర సన్నతీగ ఇంకా కొంచెం బరబర మంటుంది, ఈ వేసవిలో సరిచేస్తానంది. బ్రిడ్జి పక్కన నేను వేసిన రెండు రంధ్రాల్లో టేకు ముక్కలు లేత చెక్క మీద ముదురుగా కనిపిస్తాయి. రంగు వేసి కప్పేద్దామా అని అడిగాను. వద్దు, ఉండనీ అంది.