అనూరుని రథము

అరసవల్లి సూర్యనారాయణస్వామిని ఎరుగనివారు ఉత్తరాంధ్రమున ఉండరు. శ్రీకాకుళ పట్టణమును ఆనుకొనియున్న ఆ క్షేత్రమునకు రథసప్తమి దినమున వేలకొలది జనులు వచ్చుదురు. వచ్చినవారందరును భగవానునికి నమస్కరింతురు. ఆయన రథమును తోలు సారథిని తలచువారు మాత్రము కొలదిమందియే. ఆ సారథి పేరు అనూరుడు. ఊరువులు, అనగా తొడలు, లేనివాడని ఆ పేరునకు అర్థము.

మహాభారతము ఆదిపర్వమున అతని కథ కలదు. కశ్యపుని భార్యయైన వినతకు రెండు గ్రుడ్లు కలిగెను. సవతియగు కద్రువ గ్రుడ్లనుండి సర్పములు పుట్టగా చూచి, వినత ఓర్వలేక, కాలము నిండకమునుపే తన గ్రుడ్లలో నొకదానిని చిదిపెను. అందుండి నడుమువరకే రూపు దాల్చిన శిశువు వెలువడెను. అతడే అనూరుడు. అతనికి సూర్యుని రథమున సారథ్యము లభించెను. ఏడు గుఱ్ఱముల పగ్గములు పట్టుటకు చేతులు కావలెను, చూపు కావలెను, నేర్పు కావలెను. కాళ్లతో పని లేదు. కూర్చుండుటకు తగిన చోటున్న చాలును. లోకమునకు వెలుగు తెచ్చు బండి నాటినుండి అతని చేతిలోనే యున్నదని పురాణము చెప్పును.

ఇక భూమిమీది బండ్ల సంగతి చూతము.

ఇచ్ఛాపురమునందలి యొక బాలిక ఇంటర్మీడియటు ముగించి, శ్రీకాకుళమునందలి కళాశాలలో చేరదలచినదనుకొందము. ఆమె నడువలేదు, చక్రముల కుర్చీలో తిరుగును. చదువులో ఎవరికిని తీసిపోదు. కళాశాలలో చేరుటకు గడువు ఆ సాయంకాలముతో ముగియును. తండ్రిని తోడు తీసికొని ఉదయముననే ఆమె రైలెక్కవలెను.

రైళ్లలో దివ్యాంగులకై ఒక ప్రత్యేకమైన పెట్టె ఉండును. దాని తలుపు వెడల్పైనది. లోపల కుర్చీ నిలుపుకొనుటకు చోటు కలదు. మంచి ఏర్పాటే. కాని అది సాధారణముగ గార్డు పెట్టెతో కలిసి బండికి ఒక చివరన ఉండును. చిన్న స్టేషన్లలో బండి ఒకటి రెండు నిమిషములకంటె ఎక్కువ నిలువదు. ఆ పెట్టె ముందువైపు వచ్చునో, వెనుకవైపు వచ్చునో ముందుగ తెలియనిచో, ఆ రెండు నిమిషములలోనే ప్లాట్‌ఫారము పొడవునా కుర్చీని పరుగెత్తింపవలెను. పెట్టె దొరికినను, దాని గుమ్మమునకును ప్లాట్‌ఫారమునకును నడుమ ఎడముండును గనుక కుర్చీని ఇద్దరు ఎత్తి పట్టవలెను.

శ్రీకాకుళమునకు పోవువారు దిగవలసిన స్టేషను 'శ్రీకాకుళము రోడ్డు'. పేరు అట్లున్నను, ఆ స్టేషను ఉన్నది పట్టణమున కాదు, ఆమదాలవలసలో. అక్కడినుండి పట్టణము సుమారు 13 కిలోమీటర్లు. కావున ఇక్కడివారి ప్రయాణము రైలుతో ముగియదు. మరల బస్సునో ఆటోనో ఎక్కవలెను. నడువగలవానికి ఇది కొంచెము విసుగు. కుర్చీలోని బాలికకు ఇది రెండవ కోట.

సాధారణమైన బస్సు లోపలి నేల రోడ్డునుండి సుమారు ఒక మీటరు ఎత్తున ఉండును. గుమ్మము ఇరుకు, మెట్లు నిటారు. లోపల ముందువైపున ఒక సీటుపైన 'వికలాంగులకు' అని వ్రాసియుండును. ఆ సీటు వద్దకు చేరుటెట్లో మాత్రము ఎక్కడను వ్రాసియుండదు. తండ్రి ఆమెను ఎత్తుకొని ఎక్కించును. మడిచిన కుర్చీని కండక్టరు అందుకొనును. పదునెనిమిదేండ్ల పిల్ల పదిమంది చూచుచుండగా పసిబిడ్డవలె ఎత్తబడుట ఎట్టిదో ఎత్తువారు ఆలోచింపరు. వారు మంచివారే. కాని ఒకరి మంచితనముపై ఆధారపడిన ప్రయాణము, వారు లేని దినమున సాగదు. ఆ దినమునకు తండ్రి వచ్చెను. మూడేండ్లపాటు ప్రతిదినము రాగలడా? వచ్చినచో అతని కూలి పోవును. పరీక్షలలో నెగ్గిన పిల్లల చదువు ఈ లెక్కవద్ద ఆగిపోవుట కలదు.

నేల సుమారు 40 సెంటీమీటర్ల ఎత్తున మాత్రమే ఉండు బస్సులు ఇప్పుడు కలవు. వానిలో కొన్ని, మావటిని ఎక్కించుకొనుటకు ఏనుగు వంగినట్లు, ఆగినచోట ఒక ప్రక్కకు ఒరిగి ఇంకను క్రిందికి దిగును. గుమ్మమునుండి ఒక పలకను క్రిందికి వాల్చినచో కుర్చీని దొర్లించుకొనుచు లోపలికి పోవచ్చును. ఎవరిని ఎవరును ఎత్తనక్కరలేదు.

బస్సు దిగి కళాశాలకు చేరిరి. కార్యాలయము ముందు మూడు మెట్లున్నవి. ఇక్కడ విద్యార్థులు గుర్తుంచుకొనదగిన లెక్క యొకటి కలదు. వాలు దారికి ఒక అడుగు ఎత్తునకు పండ్రెండడుగుల పొడవు ఉండవలెను. అనగా 15 సెంటీమీటర్ల మెట్టు ఒకటి యున్నచో వాలు 180 సెంటీమీటర్లకు తగ్గరాదు. అట్టి మెట్లు మూడైనచో 5 మీటర్ల 40 సెంటీమీటర్లు కావలెను. చోటు చాలదని దానిని సగమునకు కుదించినచో, చూచుటకు అదియు వాలు దారియే. ఎక్కబోయిన కుర్చీ మాత్రము వెనుకకు దొర్లును. మోటారు సైకిలు ఎక్కించుటకు ఇండ్లముందు పోయు సిమెంటు వాలులు ఇట్టివే.

చూపులేనివారి బాధ వేరు. వారికి మెట్టు అడ్డు కాదు. ఉన్నదని తెలియని మెట్టు అడ్డు. మూతలేని మురుగుకాలువయు, కాలిబాట నడుమ పాతిన కరెంటు స్తంభమును వారికి ప్రాణాపాయములు. జపాను దేశమున సేయిచి మియాకే అనునతడు 1965లో, పాదముతో తడవి తెలిసికొనదగిన పలకలను రూపొందించెను. 1967 మార్చి 18వ తేదీన ఒకాయమా నగరమున అంధుల పాఠశాల సమీపమున, వీథి దాటుచోట వానిని మొదటిసారి పరచిరి. నేడు వాడుకలో నున్న పలకలలో బొడిపెలు గలది 'ఆగుము' అనియు, గీతలు గలది 'ఇటు నడువుము' అనియు పాదమునకు చెప్పును. మన రైల్వే స్టేషన్లలోను ప్లాట్‌ఫారముల అంచువెంబడి పసుపుపచ్చని పలకలు కనబడును. అవి అందముకొరకని తలచి వానిపై సామానులు పేర్చువారు కలరు.

ఇట్టి వసతులు అడుగకుండ వచ్చినవి కావు. అమెరికాలోని డెన్వరు నగరమున 1978 జూలై 5వ తేదీన పందొమ్మిదిమంది దివ్యాంగులు తమ చక్రముల కుర్చీలతో నడివీథిలో బస్సులకు అడ్డము నిలిచి, తాము ఎక్కలేని బస్సును కదలనీయక రాత్రియంతయు అక్కడనే గడపిరి. 1990లో ఆ దేశమంతటికిని చట్టము వచ్చెను.

మన దేశమున 1995లో ఒక చట్టము, దాని స్థానమున 2016లో మరియొక చట్టము వచ్చెను. ప్రజలు వాడుకొను పాత భవనములను సైతము, నియమములు ప్రకటించిననాటినుండి ఐదేండ్లలో అందరికిని అనుకూలముగ మార్పవలెనని రెండవ చట్టము విధించెను. నియమములు 2017లో వెలువడెను. ఐదేండ్లు గడచినవి, మెట్లు చాలచోట్ల అట్లే యున్నవి. చూపులేని రాజీవ్ రతూరి అనునతడు 2005లో వేసిన వ్యాజ్యముపై సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో తీర్పు చెప్పెను. అది ఎంతవరకు అమలైనదో పరిశీలించు పనిని పిమ్మట హైదరాబాదునందలి నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయమునకు అప్పగించెను. 2024 నవంబరు 8వ తేదీన, ఆ నియమములు కేవలము సలహాలవలె నున్నవనియు, తప్పక పాటింపవలసినవానిని వేరుపరచి మూడు నెలలలో ఏర్పరుపవలెననియు కేంద్ర ప్రభుత్వమును ఆదేశించెను. సలహాకును శాసనమునకును గల భేదము చిన్నది కాదు. 'వాలు దారి ఉండిన మంచిది' అన్నచో గుత్తేదారు దానిని చివరకు వదలును. 'అది లేనిచో భవనము పూర్తియైనట్లు కాదు' అన్నచో మొదటనే కట్టును.

ఇదియంతయు ఏ కొద్దిమందికొరకో అనుకొనువారు ఒకసారి ఉద్దానమునకు పోవలెను. కవిటి, సోంపేట, పలాస ప్రాంతముల గ్రామములలో మూత్రపిండముల వ్యాధితో బాధపడువారు వేలమంది. వారిలో వ్యాధి ముదిరినవారు డయాలిసిస్ కొరకు వారమునకు రెండు మూడు సారులు ఆసుపత్రికి ప్రయాణము చేయవలెను. వారికి కాళ్లున్నవి, చూపున్నది. నాలుగు గంటలు యంత్రము ప్రక్కన పరుండి లేచిన పిమ్మట మీటరు ఎత్తు ఎక్కు శక్తి మాత్రము ఉండదు. సాయంకాలపు బస్సు వచ్చినప్పుడు అట్టివారు గుమ్మమునందలి కమ్మిని పట్టుకొని, మొదటి మెట్టు వద్ద కొంతసేపు ఊపిరి తీసికొందురు. మంచి కండక్టరు వారు కూర్చుండువరకు 'రైట్' అనడు.