గుమ్మడి తోటకు ముందు పచ్చిరొట్ట పైరు

గుమ్మడి వేయు మన రైతులు పాదును పోషింతురు గాని పొలమును పోషింపరు. ఇట్లనిన కొందఱికి కష్టముగా దోచవచ్చును. కాని జరుగుచున్నది చూడుడు. ఎనిమిది పది అడుగుల కొక గుంట త్రవ్వి, గంపెడు రెండు గంపల పెంటయెరువు దానిలో వేసి, నాలుగు గింజలు నాటుదురు. గుంటకును గుంటకును నడుమనున్న నేల, వెనుకటి పంట కోసిన నాటినుండియు బోడిగా నెండుచుండును. దాని ఊసు ఎవరికిని పట్టదు.

తీగ మొదటి నెల దినములు గుంటలోని బలముతోనే సాగును. పిమ్మట అది నలువైపులకు ప్రాకును. నేల నంటిన కణుపులనుండి క్రొత్త వేళ్లు దిగును. గుమ్మడి వేరు లోతునకంటె వెడల్పునకే యెక్కువగా పోవును గనుక, పిందెలు ఊరు దినములలో తీగకు నీరును బలమును అందిచ్చుటలో ఈ నడుమ నేలలోని వేళ్ల పాలు చాల గలదు. అక్కడ మన్ను గట్టిపడి, జీవము లేక యున్నచో కణుపు వేరు దిగజాలదు. అప్పుడు పిందెలు పండుబాఱి రాలుచున్నవని, మందు కొట్టవలెనని రైతు పరుగులు పెట్టును. పిందె రాలుటకు పురుగు, పరాగలోపము మొదలగు కారణములు వేఱుగా నున్నవి, నిజమే. కాని నేల బీదతనమునకు మందు సీసాలో నుండదు.

ఈ మర్మమును బాగుగా నెఱిగినవారు అమెరికా, కెనడా దేశములలో పందెముల కొఱకు రాక్షస గుమ్మడికాయలను పండించు తోటవాండ్రు. కెనడాలోని నోవాస్కోషియా రాష్ట్రమునందు విండ్సరు అను నూర హోవర్డు డిల్ అను రైతు ‘అట్లాంటిక్ జయంట్’ అను రకమును వృద్ధిచేసి, 1981లో 493 పౌనులకు మించిన కాయను తూయించెను. 2023లో కాలిఫోర్నియాలోని హాఫ్ మూన్ బే పందెమున తూగిన కాయ 2,749 పౌనులు, అనగా 1,247 కిలోలు! ఇట్టి కాయ ముమ్మరముగా నూరునపుడు ఒక్క దినములో ఇంచుమించు 20 కిలోలు పెరుగును. ఇదంతయు నేల మహిమయే యని మేము చెప్పబోము. ఏటేట విత్తనము నేర్పఱచుకొనుట, తీగ కొక్క కాయనే నిలుపుట అందు ముఖ్యములు. పైగా అది మన తీపి గుమ్మడి కాదు, దాని దాయాదియైన వేఱు జాతి. ఆ తూకము మన కక్కఱయు లేదు. అంతటి కాయను మన సంతలో కొనువాడును లేడు.

వారియొద్ద మనము నేర్వదగినది వేఱొకటి గలదు. శరత్కాలమున తీగలు తీసివేసిన వెంటనే వారిలో పలువురు తోట నంతటిని దున్ని, రై యను ధాన్యమునో, దానితో వెచ్ అను కాయధాన్యపు తీగనో చల్లుదురు. చలికాలమంతయు ఆ పైరు నేలను కప్పియుండును. వసంతమున వెన్ను తీయకముందే దానిని కోసి మన్నులో కలిపివేయుదురు. ఒక్క గింజయైన ఇంటికి తేరు. రై గాలినుండి నత్రజనిని తీయజాలదు గాని, పొలములో మిగిలిన నత్రజనిని వాననీటివెంట, మంచునీటివెంట పోనీయక వేళ్లతో పట్టియుంచును. వెచ్ మాత్రము గాలినుండి క్రొత్త నత్రజనిని తెచ్చును. ఒకటి కాపలాదారు, రెండవది సంపాదనపరుడు.

మనకు మంచు లేదు. మన చలికాలము పొడికాలము. మన నేలకు భయము నీటికంటె ఎండవలన నెక్కువ. అందుచేత మనము రైని వెదకనక్కఱ లేదు. మన ఊళ్లలో తాతలనాటినుండి ఎఱిగిన జనుము, పిల్లిపెసర, ఉలవలే చాలును. జీలుగ కూడ మంచిదే, చౌడు భూములకు దానిని మించినది లేదు. కాని అది వాన, వేడిమి కోరునది. చలిలో మందముగా పెరుగును గనుక దానిని తొలకరికి విడిచిపెట్టుట మేలు.

బావి క్రింద తోట గలిగి, పుష్యమాసమున వేసవి గుమ్మడి నాటు రైతునకు కాలము సరిగా కుదురును. వానకాలపు మొక్కజొన్న గాని కూరగాయలు గాని తీసిన వెంటనే, హస్త చిత్త కార్తెలలో, నేలలో తడి యుండగనే జనుము చల్లవలెను. ఎకరమునకు 15 కిలోలు సాధారణపు మోతాదు. ఈ కాలమున పగళ్లు కుఱుచలగుట వలన జనుము తొందరగా పూతకు వచ్చి, తొలకరి జనుమంత ఎత్తు పెరుగదు. కావున 20 కిలోల వఱకు ఒత్తుగా చల్లుట లాభము. పిల్లిపెసర యైనచో 8 కిలోలు చాలును. నీరు లేని ఎఱ్ఱ చెల్కలలో ఉలవలే గతి. గుమ్మడికి వేయదలచిన భాస్వరపు ఎరువులో కొంత ఈ పచ్చిరొట్ట పైరునకే వేయుడు. వేళ్లు బలపడి బుడిపెలు బాగుగా కట్టును. ఆ భాస్వరము రొట్టతో మరల మన్నునకే వచ్చును.

బుడిపెల సంగతి కొంత వివరింపవలసియున్నది. జనుము, పెసర మొదలగు పైరుల వేళ్లమీద నుండు చిన్న గుండ్లలో కంటికి కనబడని సూక్ష్మజీవులు నివసించి, గాలిలోని నత్రజనిని మొక్కకు తినిపించునని 1886లో జర్మనీదేశపు శాస్త్రజ్ఞుడు హెల్రీగెల్ లోకమునకు తెలిపెను. అంతకుముందు వేల సంవత్సరములనుండి రైతులకు దాని ఫలము తెలియును, కారణము తెలియదు. విత్తిన నెల దినములకు నాలుగు మొక్కలను పాఱతో మన్నుతోకూడ పెకలించి, నీటిలో మెల్లగా కడిగి చూడుడు. చేతితో లాగినచో బుడిపెలు తెగి నేలలోనే యుండును. బుడిపెను గోటితో చీల్చగా లోపల గులాబి రంగు కనబడిన పని జరుగుచున్నదని అర్థము. తెల్లగానో పచ్చగానో యున్నచో అది సోమరి బుడిపె. బుడిపెలే లేకున్నచో ఆ పొలమునకు ఆ పైరు క్రొత్త యని ఎంచి, మఱు సంవత్సరము రైజోబియము పొడిని బెల్లపు నీటిలో కలిపి విత్తనమునకు పట్టించి, నీడలో ఆఱబెట్టి చల్లవలెను. పది కిలోల విత్తనమునకు 200 గ్రాముల పొట్ల మొకటి సరిపోవును.

ఇచట నొక హెచ్చరిక. గుమ్మడి, వంగ, బెండ వేళ్లపై నులిపురుగు వలన కలుగు బొడిపెలను చూచి, ఇవియు మేలు చేయునవే యని కొందఱు మురియుచున్నారు. మేలు బుడిపె వేరు ప్రక్కను అంటుకొని యుండి, వ్రేలితో రాచిన ఊడివచ్చును. నులిపురుగు బొడిపె వేరే ఉబ్బుటవలన నైనది. వేరు తెగిన గాని ఊడదు. ఈ తెగులున్న తోటకు జనుము మందువంటిది. వేరు నులిపురుగునకు జనుము వేరులో వృద్ధి లేదు. దానిని వేసిన నేలలో పురుగు సంఖ్య తగ్గును. అట్టి తోటలో మఱి దేనిని వేయుటకంటెను జనుము వేయుటయే మా సలహా.

ఇక దున్నుట. పచ్చిరొట్ట ఫలమంతయు ఈ పనిలో నున్నది. విత్తిన 45 దినములకు, మొదటి పూలు కనబడిన తోడనే, పైరును బల్లతో పడదోలి ఇనుప నాగలితోనో, ట్రాక్టరు వెనుక రొటావేటరుతోనో మన్నులో కలుపవలెను. ఇంకను రెండు వారములు పెరుగనిచ్చిన రొట్ట యెక్కువగును గదా యని ఆశపడువారు గలరు. రొట్ట యెక్కువగుట నిజము; కాని కాడ నారగా ముదురును. ముదురు కాడను మ్రింగుటకు మన్నులోని సూక్ష్మజీవులు నేలలో నున్న నత్రజనినే అప్పు తీసికొనును. ఆ యప్పు తీఱువఱకు గుమ్మడి మొలక పసుపుపచ్చగా నిలిచిపోవును. లేతరొట్ట తక్కువైనను త్వరగా కుళ్లి, ఉన్నది పైరున కిచ్చును.

కలిపిన పిమ్మట ఒక తడి పెట్టవలెను. పొడినేలలో రొట్ట కుళ్లదు; చెదలు పట్టును. రెండు మూడు వారములు కదల్చక విడువుడు. కుళ్లుచున్న రొట్టలో గింజ పెట్టిన, ఆ గింజయు దానితోపాటే కుళ్లును. మన్ను త్రవ్వి చేతితో పట్టి చూచినపుడు ఆకు ఆనవాలు లేక, పచ్చివాసన పోయి, తొలివాన కురిసిన నేలవాసన వచ్చినచో గుంటలు త్రవ్వవచ్చును. హస్తలో చల్లినది అనూరాధలో దున్నబడి, మూలకార్తెకు గుంటలు సిద్ధమగును. పూర్వాషాఢలో గింజ.

లాభమెంత? ఎవరి లెక్క వారే వేసికొనవచ్చును. దున్నుటకు ముందు పొలములో మూడు నాలుగు చోట్ల నలుచదరపు మీటరు కొలిచి, కోసి, తూచుడు. చదరపు మీటరునకు కిలోన్నర వచ్చినచో ఎకరమునకు ఇంచుమించు 6 టన్నులు. పచ్చి జనుములో నూటికి 0.4 పాలు నత్రజని యున్నదనుకొన్న 24 కిలోలు; అనగా 45 కిలోల యూరియా బస్తాలో నుండుదానికంటె కొంచెము ఎక్కువ. శీతకాలమున కిలోయే వచ్చిన 16 కిలోలు. ఇదంతయు గాలినుండి వచ్చినదికాదు, కొంత నేలదే. అంతయు గుమ్మడికి అందదు కూడ. కాని యూరియా నేలను గుల్ల చేయదు, తడిని పట్టియుంచదు. పచ్చిరొట్ట ఏటేట వేయగా ఆ రెండు పనులును మెల్లగా జరుగును. రొట్ట బాగుగా వచ్చిన యేట యూరియా తగ్గింపుడు. నత్రజని మితిమీఱిన తీగయే తీగగా పోయి, కాయ నిలువదు.

అందఱికిని ఇది తగదు. బావిలో నీరు గుమ్మడికే చాలీచాలక యున్న రైతు శీతకాలపు పచ్చిరొట్ట వేసిన, అది నేలలోని తడిని త్రాగి గుమ్మడి నోటిముందు కూడు తీసివేయును. అట్టివాడు తొలకరిని కనిపెట్టి వేసి, వర్షపు నీటితోనే కుళ్లనిచ్చుట మంచిది. పశువులకు మేత లేని యింటివాడు పిల్లిపెసర వేసి, ఒక కోత మేతకు కోసి, మరల చిగిర్చినదానిని దున్నవచ్చును. ఇట్లు చేసిన నేలకు సగమే దక్కును. అయినను బోడినేలకంటె మేలే.

ఈ పనిలో కష్టమైనది విత్తుటయు కాదు, దున్నుటయు కాదు, కాపాడుట. వానకాలపు పంట ఇల్లు చేరగనే ఊరి మందలను పొలాలపై విడుచుట మన ఆచారము. చుట్టును బీడుగా నుండగా ఒక్క రైతు అరయెకరము జనుము వేసిన, అది ఊరి పశువులన్నిటికిని విందగును. ఒక సంవత్సరము అట్లు పోగొట్టుకొన్నవాడు మఱల దాని పేరెత్తడు. అతనిని మందమతి యనుట అన్యాయము. బందెలదొడ్డికి తోలించిన తగవులు పెరుగును గాని పైరు తిరిగిరాదు.

కావున ఇది ఒంటరిగా చేయదగిన సేద్యము కాదు. ఒకే కట్టలోని సభ్యులు పదిమంది, ఎవరి కెంత భూమి యున్నను, ఒకే కార్తెలో కలిసి చల్లవలెను. నలువది యైదు దినములకు ఒక కాపలాదారును పెట్టి, అతని కూలిని ఎకరముల లెక్కను పంచుకొనవలెను. మందల కాపరులను పిలిచి, ఏ తేదీవఱకు ఏ కట్టకు రాగూడదో, వారికి వేఱుగా ఏ బీడు విడిచెదరో ముందే నిర్ణయించుకొనవలెను. వారి మేకలు గొఱ్ఱెలు కూడ ఆకలిగొనునవే. ఈ మాట హస్త కార్తెలో మాటలాడిన లాభము లేదు. శ్రావణ భాద్రపదములలో జరుగు సంఘ సమావేశమునందే తేల్చి, తీర్మాన పుస్తకములో వ్రాయవలెను.

విత్తనమునకును ఇదే మార్గము. ప్రతి యేట బజారున కొనుట భారము, అదనుకు దొరకదు. కట్టలో నొకరు పది సెంట్ల జనుమును దున్నక గింజకు విడువవలెను. కాయ ఎండి లోపల గింజ గలగలలాడునపుడు కోసి నూర్చి, బాగుగా నెండబెట్టి సంఘపు గిడ్డంగిలో నుంచవలెను. మఱు సంవత్సరము సభ్యులకు పూర్వము ధాన్యము నాగు కిచ్చినట్లే కొలిచి యిచ్చి, కొంచె మెక్కువగా తిరిగి కొలిపించుకొనవచ్చును. గింజకు విడిచిన సభ్యునకు ఆ పది సెంట్ల గుమ్మడి ఒక నెల ఆలస్యమగును గనుక, అతని వంతు కాపలా కూలిని మిగిలినవారు భరించుట న్యాయము.